అలారం తీగ

తలుపు మీద నెమలినీ, తామరపువ్వునీ, వినాయకుణ్ణీ చెక్కే మిషన్ను మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు చూసే ఉంటారు. నర్సీపట్నంలోనో అనకాపల్లిలోనో గాజువాకలోనో, తలుపుల షాపు వెనక రేకుల షెడ్డులో పొద్దస్తమానం దుమ్ము లేపుతూ ఉంటుంది. సీఎన్‌సీ రౌటర్ అంటారు. మంచమంత ఇనప బల్ల, దాని మీద ముందుకీ వెనక్కీ నడిచే ఒక దూలం, ఆ దూలానికి వేలాడే కట్టర్. దూలం నడిచే దారి వై, కట్టర్ అడ్డంగా జరిగే దారి ఎక్స్, పైకీ కిందికీ కదిలే దారి జెడ్. నేను వెళ్ళి చూసిన రెండు మూడు షెడ్డుల్లో పలకలు మోసేదీ, పొట్టు ఊడ్చేదీ మన కొండల పిల్లలే. మిషన్ పక్కన ఒక ఇనప బీరువా ఉంటుంది. వైర్లన్నీ అందులోనే. దాని తాళంచెవి మాత్రం మన పిల్లల చేతిలో ఉండదు. నేను చెప్పబోయేది ఆ బీరువా లోపలి సంగతి.

మా మేనల్లుడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ళు చదివి పాసయ్యాడు. చదివే రోజుల్లో వాడికి మా అక్క ఒకటే మాట చెప్పేది, మావయ్యలాగా టీచర్ ట్రైనింగ్ చెయ్యరా అని. అక్క మాటలో తప్పు లేదు. ఆమె చూసిన లోకం అది. 2000 సంవత్సరంలో వచ్చిన 3వ నంబరు జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇమ్మంది. నాలాంటివాళ్ళు ఎందరో డిప్లొమా చేతబట్టుకుని ఆ జీవో నీడన బడిలోకి వచ్చాం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. దాని మీద మన సంఘాలు చేస్తున్న పోరాటం మీకు తెలిసిందే, ఇక్కడ మళ్ళీ రాయను. నేను చెప్పేదల్లా, మా తరానికి తెరిచి ఉన్న వాకిలి మా మేనల్లుడికి మూసుకుపోయిందని. వాడు బతుకుతెరువుకి వెళ్ళింది రేకుల షెడ్డుకి. ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది, వాడి భుజం మీద టేకు పలక ఉంది.

రెండో ఏడు ఒక రోజు ఆ షెడ్డులో మంచి టేకు తలుపు ఒకటి పాడైంది. నెమలి మెడ చెక్కుతుండగా దూలం ఒక పక్క ఆగిపోయింది, రెండో పక్క నడిచింది. మెడకు అడ్డంగా లోతైన గాడి పడింది. పట్నం నుంచి టెక్నీషియన్ వచ్చి బీరువా తెరిచి, కరెంటు ఆపి మళ్ళీ వేశాడు. మిషన్ నడిచింది. పలక సరిగ్గా బిగించి ఉండరు అని చెప్పి వెళ్ళిపోయాడు. పలక బిగించేది మావాడే కనక యజమాని నెలకు 2000 చొప్పున మూడు నెలలు జీతంలో కోశాడు. మూడో నెల కూడా కోశాక వాడు ఇటుకల పండగకి ఇంటికి వచ్చాడు. ఇక వెళ్ళననీ, కాఫీ తోట చూసుకుంటాననీ అన్నాడు.

"పలక నాను సరిగ్గానే బిగించినాను మావయ్యా. నాలుగు మూలలా క్లాంపులేసినాను. పలక కదిలితే బొమ్మ మొత్తం కదలాలి గదా. దూలం ఒక పక్కే ఆగిపోయింది. అది పలక తప్పు ఎలగవుద్ది?"

ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. బడిలో ఇలాంటి ప్రశ్న అడిగే పిల్లవాడు దొరికితే ఆ వారమంతా సంతోషంగా ఉంటుంది నాకు. టెక్నీషియన్ వచ్చినప్పుడు వాడు బీరువా లోపల ఫొటోలు తీసి పెట్టుకున్నాడు. డ్రైవ్ తయారుచేసిన కంపెనీ పుస్తకం కూడా ఫోనులో దించుకున్నాడు. ఇంగ్లీషులో రెండు వందల పైచిలుకు పేజీలు. చైనా నుంచి ఇంగ్లీషుకి వచ్చిన పుస్తకమని ఒక పేజీ చదివితేనే తెలుస్తుంది. వాక్యాలు కుంటుతాయి, పటాలు మాత్రం చక్కగా ఉన్నాయి. పండగ నాలుగు రోజులూ మేమిద్దరం అరుగు మీద కూర్చుని ఆ పుస్తకం చదివాం. వాడికి కరెంటు తెలుసు, నాకు పుస్తకం చదివే పద్ధతి తెలుసు. మాట్లాడుకున్నది మా ఇంటి భాషలో, ఆదివాసీ ఒడియాలో. రాసుకున్నది తెలుగులో.

టీచర్లకి ఒక మాట చెప్పాలి. ఇలాంటి పుస్తకం మొదటి పేజీ నుంచి చదవకూడదు. రెండు వందల పేజీల్లో మనకు కావలసినవి నాలుగు చోట్లే ఉంటాయి: వైర్లు కలిపే పటం, పిన్నుల పట్టిక, సెట్టింగుల పట్టిక, అలారం నంబర్ల పట్టిక. మిగతాది తర్వాత. వంద పేజీల నోటు పుస్తకంలో మూడు గడులు గీశాం. వైరు పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏం పని చేస్తుంది. మూడో గడి తెలుగులో నిండనిదే తర్వాతి వరసకి వెళ్ళకూడదని నియమం పెట్టుకున్నాం. మొదటి రోజు ఆరు వరసలే అయ్యాయి.

ముందు మోటారు సంగతి. మామూలు త్రీఫేజ్ మోటారు కరెంటు ఇస్తే తిరుగుతుంది. ఎన్ని చుట్లు తిరిగిందో దానికి పట్టదు. స్టెప్పర్ మోటారు లెక్కపెట్టి అడుగులు వేస్తుంది గానీ, ఏదైనా అడ్డొచ్చి ఒక అడుగు తప్పితే ఆ సంగతి ఎవరికీ చెప్పదు. సర్వో మోటారు వెనక ఎన్‌కోడర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. ఇరుసు ఎక్కడుందో అది క్షణక్షణం డ్రైవ్‌కి చెబుతుంది. డ్రైవ్ చెప్పినంతా మోటారు నడిచిందా లేదా అన్నది పోల్చి చూసుకుని సరిచేసుకుంటుంది. సరిచేసుకోలేనంత తేడా వస్తే అలారం అని ఎర్ర అంకె చూపించి మోటారును వదిలేస్తుంది.

డ్రైవ్‌కి పైన కంట్రోలర్. బొమ్మ ఫైలు చదివి ఎవరు ఎంత నడవాలో చెప్పేది అదే. చెప్పే భాష చాలా చిన్నది. రెండే మాటలు. ఒకటి పల్స్, అంటే ఒక అడుగు వెయ్యి. రెండోది డైరెక్షన్, అంటే ఎటు వైపు. జెడ్ దగ్గర స్క్రూ ఒక చుట్టు తిరిగితే కట్టర్ 5 మిల్లీమీటర్లు దిగుతుంది. చుట్టుకు 5000 పల్సులని సెట్ చేస్తే ఒక పల్సుకి మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. ఇక్కడ మావాడు ఆగిపోయాడు. ఎన్‌కోడర్ చుట్టుకు 1,31,072 గీతలు లెక్కపెడుతుందని పుస్తకంలో ఉంది, మనం పంపేది 5000, రెండిటికీ ఎలా కుదురుతుంది అని. అందుకే డ్రైవ్‌లో ఎలక్ట్రానిక్ గేర్ అని రెండు అంకెలు అడుగుతుంది, పైన ఒకటి, కింద ఒకటి. 131072 బై 5000. ఎనిమిదితో కొట్టేస్తే 16384 బై 625. ఆరో తరగతి పిల్లలకి నేను ఏటా చెప్పే భిన్నాల సూక్ష్మీకరణ ఇదే. "ఇదెందుకు సార్ మాకు" అని అడిగే పిల్లలకి ఇన్నాళ్ళూ మామిడిపళ్ళ లెక్కే చెబుతూ వచ్చాను. ఇప్పుడు చెప్పడానికి ఇంకొకటి దొరికింది.

పల్స్ వైర్లు ఒక్కొక్కటి కాదు, జతలుగా వస్తాయి. ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి, రెండూ పెనవేసి ఉంటాయి. పక్కనున్న స్పిండిల్ కేబుల్ నుంచి గోల వస్తే రెండిటి మీదా ఒకేలా పడుతుంది. డ్రైవ్ చూసేది రెండిటి మధ్య తేడాని కాబట్టి ఆ గోల చాలావరకు కొట్టుకుపోతుంది. మా మిషన్‌లో కంట్రోలర్ 5 వోల్టుల జతలే ఇస్తుంది. కొన్ని కంట్రోలర్లు 24 వోల్టులు ఒంటి తీగ మీద ఇస్తాయి. 5 వోల్టుల కోసం చేసిన పిన్ను మీద 24 నేరుగా పెడితే లోపలున్న చిన్న ఎల్ఈడీ మాడిపోతుంది. 2 కిలో ఓంల రెసిస్టర్ వరసలో పెట్టాలి. అప్పుడు సుమారు 10 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి, దానికి అది చాలు. పదో తరగతి ఓం నియమం తెలిసినవాడు ఈ లెక్క కాగితం మీద వేసుకోగలడు. ఒంటి తీగకి ఇంకో చిక్కుంది. చాలా డ్రైవులు ఆ దారిలో సెకనుకు 2 లక్షల పల్సులకి మించి తీసుకోవు. మోటారు నిమిషానికి 3000 చుట్లు తిరగాలంటే సెకనుకు 50 చుట్లు, చుట్టుకు 5000 చొప్పున రెండున్నర లక్షలు కావాలి.

ఐటీఐలో నేర్పినదానికి ఎదురు తిరిగే సంగతి ఒకటి మావాడే పట్టుకున్నాడు. త్రీఫేజ్ మోటారు ఎదురు దిక్కుకి తిరగాలంటే ఏవో రెండు ఫేజులు మార్చమంటారు. ఎలక్ట్రీషియన్ పిల్లవాడికి అది చేతికి అలవాటైన పని. సర్వో మోటారుకి యూ, వీ, డబ్ల్యూ మార్చకూడదు. ఎన్‌కోడర్ చెప్పేదొకటి, మోటారు లాగేదొకటి అవుతుంది. మోటారు అదుపు తప్పి గుంజుకుంటుంది, లేదంటే అలారంలో పడుతుంది. దూలానికి రెండు పక్కలా ఉన్న వై మోటార్లు ఎదురెదురుగా బిగించి ఉంటాయి, కాబట్టి ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకి తిరగాలి. ఆ మార్పు వైర్లలో చెయ్యరు, డ్రైవ్ సెట్టింగులో చేస్తారు. నోటు పుస్తకంలో ఈ వరస కింద వాడు రెండు గీతలు గీశాడు.

మూడో రోజు అలారం దగ్గరికొచ్చాం. పుస్తకం పటంలో పల్స్, డైరెక్షన్, సర్వో ఆన్ కాక అలారం అని ఇంకో జత ఉంది. మిగిలినవన్నీ కంట్రోలర్ నుంచి డ్రైవ్‌కి వెళ్ళేవి. ఇదొక్కటీ డ్రైవ్ నుంచి కంట్రోలర్‌కి తిరిగి వచ్చేది. ఫొటోల్లో వెతికాం. నాలుగు డ్రైవుల్లోనూ ఆ పిన్నులు ఖాళీ. తీగే లేదు.

అప్పుడు నెమలి మెడ కథ మొత్తం అర్థమైంది. ఎన్‌కోడర్ మాట డ్రైవ్ వరకే వెళుతుంది. ఇలా పల్సులతో నడిచే మిషన్‌లో కంట్రోలర్ ఆ మాట వినదు. ఒక వై డ్రైవ్ ఏదో కారణంతో అలారంలో పడి మోటారును వదిలేసింది. ఆ సంగతి పైకి చెప్పే తీగ లేదు. కంట్రోలర్ తన ధోరణిలో పల్సులు పంపుతూనే ఉంది, రెండో వై నడుస్తూనే ఉంది, కట్టర్ తిరుగుతూనే ఉంది. తీగ లేకపోయినా మిషన్ నడుస్తుంది. అన్నీ బాగున్నప్పుడు చక్కగా నడుస్తుంది. అందుకే పెట్టేవాళ్ళు వదిలేస్తారు.

ఏజెన్సీ బడిలో పనిచేసినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. టీచరు తెలుగులో పాఠం చెప్పుకుంటూ పోతారు. ఇంట్లో కువి మాట్లాడే పిల్ల, ఒడియా మాట్లాడే పిల్లవాడు తల ఊపుతారు. అర్థం కాలేదని చెప్పడానికి వాళ్ళ దగ్గర టీచరుకి తెలిసిన మాట లేదు. పరీక్షలో మెడ తెగిన నెమలి బయటపడినప్పుడు పిల్లవాడు శ్రద్ధగా కూర్చోలేదంటారు. బహుభాషా విద్య కావాలని మనం ఎన్నేళ్ళుగానో అడుగుతున్నది ఈ తిరుగు తీగ కోసమే అని మా మేనల్లుడికి చెప్పాను. వాడు నవ్వి, "మావయ్యా, నువ్వు మళ్ళీ బడికెళ్ళిపోనావు" అన్నాడు. నిజమే. బీరువాలోకి వద్దాం.

అలారం తీగ కలపడంలో ఒక తెలివి ఉంది. అంతా బాగున్నంతసేపూ ఆ దారి మూసి ఉండి కరెంటు పోతూ ఉండాలి, అలారం వస్తే తెగిపోవాలి. తిరగేసి ఎందుకు పెట్టరు, అలారం వచ్చినప్పుడే కరెంటు వచ్చేలా పెట్టొచ్చు గదా అన్నాడు వాడు. పోడులో మంచె మీద కాపలా సంగతి గుర్తుచేశాను. అడవిపందుల కాలంలో మంచె మీదున్నవాడు రాత్రంతా కేక వేస్తూనే ఉంటాడు. కేక వినబడినంతసేపూ ఊళ్ళో వాళ్ళు నిద్రపోతారు. కేక ఆగితే కర్రలు పట్టుకుని లేస్తారు. పంది వచ్చినా, వాడికి జ్వరం వచ్చినా, మంచె విరిగినా కేక ఆగుతుంది. ఇదీ అంతే. డ్రైవ్ అలారంలో పడినా, తీగ ఎలుక కొరికినా, స్క్రూ వదులైనా మిషన్ ఆగుతుంది. అలారం వచ్చినప్పుడే కరెంటు వచ్చేలా పెడితే, తెగిన తీగ ఎప్పటికీ ఏమీ చెప్పదు.

పండగ అయ్యాక వాడు కాఫీ తోటకి కాదు, షెడ్డుకే వెళ్ళాడు. యజమానికి చెబితే ఆయన టెక్నీషియన్‌కి ఫోన్ చేశాడు. ఆ తీగ అవసరం లేదు, మిషన్ నడుస్తోంది గదా, కుర్రాణ్ణి బీరువా ముట్టుకోనివ్వకండి అని జవాబు. నెల తిరక్కముందే దూలం మళ్ళీ ఒక పక్క ఆగింది. ఈసారి పాడైంది చవక పలక. టెక్నీషియన్ రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నాడు, పెళ్ళివారి తలుపు రెండు రోజుల్లో ఇవ్వాలి. అప్పుడు యజమాని తాళంచెవి ఇచ్చాడు. నమ్మి ఇచ్చాడని నేననుకోను, వేరే దారి లేక ఇచ్చాడు.

వాడు మొదట చేసిన పని కరెంటు ఆపి మళ్ళీ వెయ్యడం కాదు. డ్రైవ్ మీదున్న అంకె రాసుకున్నాడు. తర్వాత పాత అలారాలు దాచే సెట్టింగు తెరిచాడు. కరెంటు పోయినా డ్రైవ్ వాటిని మరిచిపోదు. మెడ తెగిన నాటిదీ ఇప్పటిదీ ఒకే నంబరు, ఎన్‌కోడర్ లోపం. పలక సంగతి కానే కాదు. రెండుసార్లూ దూలం ఒకే చివర ఆగిందని వాడికి గుర్తుంది. అక్కడ కేబుల్ గొలుసు గట్టిగా వంగుతుంది. లోపల ఎన్‌కోడర్ కేబుల్ నలిగి ఉంది. కేబుల్ మార్చాడు.

ఆ తర్వాత అలారం తీగలు. మెయిన్ ఆపి, డ్రైవ్ మీది ఛార్జ్ దీపం పూర్తిగా ఆరేదాకా ఆగాడు. 220 వోల్టుల డ్రైవ్ లోపల కెపాసిటర్లలో 310 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, మెయిన్ ఆపినంత మాత్రాన అది పోదు. ఈ వ్యాసం చదివి ఏ కుర్రాడైనా బీరువా తెరిస్తే, మిగతాదంతా మరిచినా ఆ దీపం మరవొద్దు. నాలుగు డ్రైవులకి నాలుగు చిన్న 24 వోల్టుల రిలేలు పెట్టాడు, కాయిల్‌కి అడ్డంగా డయోడ్ వేశాడు. నాలుగు రిలేల కాంటాక్టులు ఒకే వరసలో కలిపి కంట్రోలర్ అలారం పిన్నుకి ఇచ్చాడు. స్పిండిల్ ఆపి, దూలాన్ని నెమ్మదిగా నడిపిస్తూ, ఒక్కో తీగా ఊడదీసి చూశాడు. నాలుగుసార్లూ మిషన్ ఆగింది. ఇది నాకు ఫోనులో చూపించాడు. నాలుగోసారి ఆగినప్పుడు వెనక ఎవరో ఈల వేశారు, పలకలు మోసే ఇంకో కుర్రాడు.

ఈ తీగ అన్నీ చెప్పదు. స్పిండిల్ కేబుల్ గోల వల్ల దొంగ పల్సులు పుడితే సర్వో వాటినీ బుద్ధిగా పాటిస్తుంది, అలారం రాదు, బొమ్మ పక్కకి జరుగుతుంది. అందుకని వాడు స్పిండిల్ కేబుల్‌ని పల్స్ వైర్ల గొట్టంలోంచి తీసి వేరే దారిన వేశాడు. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ కూడా ఆ షెడ్డులో కంట్రోలర్‌కి కబురు పంపేదే తప్ప నేరుగా కరెంటు తెంచేది కాదు. దాన్ని కాంటాక్టర్ దాకా తెద్దామంటే సామాను కొనాలి. యజమాని ఇంకా ఊఁ అనలేదు.

కోసిన 6000 తిరిగి రాలేదు. పలక తప్పు కాదని ఒప్పుకున్నాడు గానీ డబ్బు మాట ఎత్తడు. జీతం కొంచెం పెంచాడు. మావాడు పొద్దున పలకలు మోస్తాడు, మధ్యాహ్నం నుంచి మిషన్ దగ్గర ఉంటాడు. బీరువా తాళంచెవి ఇప్పుడు గోడ మేకుకి వేలాడుతోంది.

నోటు పుస్తకం వాడి దగ్గరే ఉంది. 40 పేజీలు దాటింది. ఈల వేసిన కుర్రాడిది హుకుంపేట వైపు, వాడూ ఐటీఐ ఫిట్టర్ పాసైనవాడే. ఈమధ్య అక్షరం మారింది చూశాను, కొన్ని వరసలు వాడు రాస్తున్నాడు. స్పిండిల్ డ్రైవ్ గురించి నాలుగు పేజీలు ఖాళీగా వదిలారు, దసరా సెలవులకి ఆ పుస్తకం తెస్తామన్నారు. అది 300 పేజీలట.